వేళ కాని వేళ ఊదిన హూటరు

నా సర్వీసు పుస్తకంలో ఒకే ఒక్క ఎర్ర సిరా రాత ఉంది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో తక్కినదంతా కడిగిన ముత్యం. నాతో పాటు రిటైరైనవాళ్ళు నలుగురూ చేరినప్పుడు ఒకాయన తనకొచ్చిన మెడల్ గురించి చెబుతాడు, ఇంకొకాయన తనకు జరిగిన సన్మానం గురించి చెబుతాడు. నేను నా ఎర్ర సిరా గురించి చెబుతాను. మా ఆవిడ “సిగ్గు లేకపోతే సరి” అంటుంది. సిగ్గు లేని మాట నిజమే. ఆ రాత గుర్తొచ్చినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే మీసం మీదికి పోతుంది.

ఆ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న టేకల్లో రైలెక్కి మాలూరుకు కంటి డాక్టరు దగ్గరికి పోతున్నాను. పెట్టె నిండా బెంగళూరు పనులకు పోయే పడుచువాళ్ళు. లాక్‌డౌన్ ప్రకటించిన రోజు ఎవరెవరు ఎక్కడున్నారని మాట్లాడుకుంటున్నారు. ఒకడు వేమగల్ ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడట, ఒకడు అత్తగారింట్లో ఇరుక్కుపోయాడట. నవ్వుకుంటూ నవ్వుకుంటూ ఆ రోజుల్లో పోయినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అందరూ మాట తగ్గించారు. అందులో ఒకమ్మాయి నా వైపు తిరిగి, “తాతా, మీ కాలంలో అట్లాంటి దినం ఏదన్నా ఉండాదా? నువ్వు ఆ పొద్దు యాడ ఉండినావో గ్యాపకం ఉండేట్టుగా?” అని అడిగింది.

“ఉందమ్మా. దిల్లీలో ప్రధానమంత్రిని ఆమె ఇంటి ఆవరణలోనే కాల్చి చంపిన రోజు. ఆ పొద్దు నేను కేజీఎఫ్‌లో ఇంజిన్ సీటు మీద ఉన్నాను,” అన్నాను. “ఏం ఇంజిను? రైలా?” అంది. చెప్పేలోగా మాలూరు వచ్చింది, దిగాల్సి వచ్చింది. సగం చెప్పిన మాట కడుపులో ఉంటే నాకు అన్నం అరగదు. ఆ అమ్మాయి ఎక్కడుందో తెలియదు కానీ, ఈ మిగతా సగం ఆమెకే.

రైలు ఇంజిను కాదు. బంగారు గనిలోకి మనుషుల్ని దించి, పని అయ్యాక పైకి తెచ్చే ఇంజిను. పెద్ద బావి అనుకోండి, దాన్నే షాఫ్టు అంటాం. బావి మీద ఇనప గోపురం, దాని పైన చక్రం. చక్రం మీదుగా ఉక్కు తాడు, తాడు చివర ఇనప బోను. కేజ్ అంటాం దాన్ని. తాడు రెండో కొస మా ఇంజిన్ హౌసులో ఉండే పెద్ద డ్రమ్ముకు చుట్టి ఉంటుంది. ఆ డ్రమ్మును తిప్పేవాణ్ణి నేను. మామూలు బావిలో బొక్కెన జారితే పాతాళ భేది వేసి తీసుకుంటాం. మా బావిలో ఆ వసతి లేదు.

ఈ పనిలో వింత ఏమిటంటే, నేను దించే మనుషులు నాకు కనపడరు. ఎదురుగా ఒక డయల్, చేతిలో ఒక లివరు, కాలి కింద బ్రేకు, చెవికి గంట. కింద నుంచి మూడు గంటలు కొడితే కేజ్‌లో ఉన్నది రాయి కాదు, మనుషులు అని అర్థం. మూడు గంటలు విన్నాక ఇంజిన్ హౌసులో ఎవరూ నాతో మాట్లాడకూడదు. ఇల్లు తగలబడుతున్నా సరే, బ్రేకు వేసేదాకా ఆగి చెప్పాలి.

ఈ విద్య నాకు నేర్పింది మా పెద్ద డ్రైవరు. నేను పెద్దన్నా అని పిలిచేవాణ్ణి. షిఫ్టుకు ఇద్దరం, ఒకరు సీటు మీద, ఒకరు పక్కన. మనిషి ముక్కోపి, అరిచాడంటే డ్రమ్ము చప్పుడు కూడా చిన్నబోయేది. నేను టేకల్ దగ్గర రాగి చేలూ పట్టు పురుగులూ పెంచుకునే ఇంటి నుంచి వచ్చినవాణ్ణి. మొదట్లో నా లివరు పట్టు చూసి, “ఇది మీ మడక మేడి అనుకున్నావా? మెల్లిగా పట్టు, దాని కొసకు తాళిబొట్లు ఏలాడతా ఉండాయి,” అన్నాడు. ఇది జరిగిన నాటికి నాకు సీటు మీద కూర్చునే పరీక్ష పాసై ఏడాది నిండలేదు. అంతా వచ్చేసిందనుకునే వయసు.

ఇక హూటరు. అది మా ఇంజిన్ హౌసు కప్పు మీద ఉండేది, స్విచ్చి నా సీటు వెనక గోడకు. షిఫ్టు వేళలకు దాన్ని ఊదడం మా పనే. దాని మోత లైన్లన్నిటికీ వినపడేది. లైన్లంటే కార్మికుల ఇళ్ళు, వరసగా, గోడకు గోడ ఆనుకుని. ఆ మోతకే పొయ్యిలు వెలిగేవి, ఆ మోతకే పిల్లలు బడికి పోయేవాళ్ళు. కానీ అది వేళ కాని వేళ మోగితే మాత్రం ఒకటే అర్థం. కింద ప్రమాదం. అంత లోతున బండ ఒత్తిడికి పేలిపోయేది, ఎయిర్‌బ్లాస్ట్ అనేవాళ్ళం. అలా పేలిన రోజున ఆ మోత విని ఆడవాళ్ళు చేతిలో ఏముంటే దానితోనే గని ముఖద్వారానికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

దీనికి మినహాయింపు ఏడాదికి ఒక్కసారే. జనవరి ముప్పైన పొద్దున పదకొండు గంటలకు, దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళను తలుచుకోవడానికి హూటరు ఊది రెండు నిమిషాలు మౌనంగా నిలబడేవాళ్ళం. దానికి వారం ముందే నాలుగు భాషల్లో నోటీసు అంటించి, లైన్లలో దండోరా వేయించేవాళ్ళు, “భయపడొద్దు, ఇది ఆ హూటరు కాదు” అని.

ఆ రోజు మాది పొద్దుటి షిఫ్టు. మనుషుల్ని దించేశాం, రాయి ఎత్తుతున్నాం. మధ్యాహ్నం పన్నెండు దాటి కొంత సేపయింది. పెద్దన్న అన్నం తిని క్యారియరు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నేను బ్రేకు వేసి తల తిప్పేసరికి తలుపు దగ్గర మా టైమాఫీసు గుమాస్తా నిలబడి ఉన్నాడు. బడిపంతులు కొడుకు, ఇస్త్రీ మడత చెడనివ్వని మనిషి. ఆయన మేజా అద్దం కింద దేవుడి పటంతో పాటు ప్రధానమంత్రి ఫోటో కూడా ఉండేది. అలాంటి మనిషి ట్రాన్సిస్టర్‌ను రొమ్ముకు హత్తుకుని, ముక్కు తుడుచుకోవడం కూడా మర్చిపోయి ఏడుస్తున్నాడు.

“అమ్మను కాల్చేసినారంటప్పా. పోయిందంట. ఫారిన్ స్టేషన్ వాడు చెప్తా ఉండాడు, మనోళ్ళు ఇంగా చెప్పలేదు,” అన్నాడు.

ఆమెకు ఓటు వేసిన ఇంటివాణ్ణి కాదు నేను, మా నాయన పార్టీ వేరు. అయినా ఇంట్లో పెద్ద దిక్కు పోయిందని విన్నట్టే అయింది.

“సుమ్నే ఊరికే కూర్చుంటే ఎట్లప్పా? మనం ఏమన్నా చెయ్యాల కదా. జనవరి ముప్పైకి ఊదుతాం చూడు, అట్ల ఊదు,” అన్నాడు గుమాస్తా.

చూడండి, నేను ఇక్కడే ఆగాలి. ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే, పెద్దన్న కోసం ఒక్క కేక వేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ క్షణంలో నాకు ఛాతీ పొంగింది. దేశమంతటికీ ముందుగా నివాళి ఇచ్చేది మన షాఫ్టే అనిపించింది. లేచి స్విచ్చి నొక్కాను. ఊది, గుమాస్తా నేనూ రెండు నిమిషాలూ తల వంచుకుని నిలబడ్డాం. మేము అంత భక్తిగా మౌనం పాటిస్తున్న ఆ కాసేపట్లో, బయట ఊరు ఊరంతా పరుగు మొదలుపెట్టింది.

పెద్దన్న తడి చేతులతోనే లోపలికి దూసుకొచ్చాడు. “ఎవురప్పా ఊదింది? కింద నుంచి గంట వచ్చిందా?”

“లేదన్నా. ప్రధానమంత్రి పోయినారంట. అందుకని...”

ఆయన నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా భుజం పట్టి కిటికీ వైపు తిప్పాడు. “చూడు,” అన్నాడు.

లైన్ల వైపు మిట్ట మీద నుంచి ఆడవాళ్ళు వస్తున్నారు. పదిమంది, ఇరవైమంది కాదు, మిట్టంతా వాళ్ళే. ఒకామె తలకు సీకాయ రుద్దుకున్నది రుద్దుకున్నట్టే వస్తోంది. ఒకామె చేతిలో సంగటి కెలికే కట్టె ఉంది. చంకలో పిల్లలు, కాళ్ళకు చెప్పుల్లేవు. ఒక ముసలావిడ పడి, లేచి, మళ్ళీ పడింది. వాళ్ళ ఏడుపు మాకు ఇంకా వినపడలేదు, నోళ్ళు మాత్రం కనపడుతున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కింద నూట అరవై నాలుగు మంది ఉన్నారు, అందరూ బాగున్నారు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. వాళ్ళందరినీ నేను ఒక్క స్విచ్చితో చంపేశాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడు. వాణ్ణి తోసుకుని వాళ్ళు బావి నోటి దాకా వచ్చేశారు. ఇక వాళ్ళకూ ఆ లోతుకూ మధ్య అడ్డం ఒక్క ఇనప కటకటాల తలుపే. వెనక నుంచి వచ్చేవాళ్ళు ముందున్నవాళ్ళను నెడుతున్నారు. గుమాస్తా నూనె పీపా ఎక్కి గొంతు చించుకుని అరిచాడు, కింద ఏమీ కాలేదని, దిల్లీలో ప్రధానమంత్రి పోయారని, అందుకే ఊదామని.

ఎవరు నమ్ముతారు? ముందు వరసలో ఒకామె, చేతిలో పాలు కొలిచే లోటా అట్లాగే పట్టుకుని ఉంది, ఆయన్ను చూసి అరిచింది. “మా ఇంట్లో రేడియో మోగతా ఉండాది. సినిమా పాటలు ఏస్తా ఉండారు. ప్రధానమంత్రి పోతే పాటలు ఏస్తారా? ఎవుర్ని ఏమారుస్తా ఉండావు నువ్వు?”

ఆమె తప్పు లేదు. మన రేడియో సాయంత్రం దాకా ఆ మాట బయటపెట్టలేదు. పైగా ఇంతకు ముందు నిజంగా ప్రమాదాలు జరిగినప్పుడల్లా వాళ్ళతో మొదట చెప్పిన మాట ఇదే, “ఏమీ కాలేదు, ఇంటికి పోండి” అని. ఆ మాట విని ఇంటికి పోయినవాళ్ళు, తర్వాత వచ్చి శవాల్ని తీసుకుపోయారు.

షిఫ్టు ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు. ఉత్తరాది మనిషి, కుర్రవాడు, మంచివాడే. కానీ అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయాడు. షిఫ్టు ముగియకముందే మనుషుల్ని పైకి తెస్తే ప్రమాదం జరిగిందని మనమే ఒప్పుకున్నట్టవుతుందని ఆయన భయం. పెద్దన్న ఆయనతో అంత నెమ్మదిగా మాట్లాడటం నేను అంతకు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. “సార్, వీళ్ళకు ఇంగ మాటలు పనికిరావు. మనుషుల్ని చూపీండి. లేదంటే ఇంగ కాసేపటికి ఈ తలుపు ఇరుగుతాది. అప్పుడు నిజంగానే హూటరు ఊదాల.”

ఆఫీసరు ఆ తలుపు వైపు చూశాడు. ఫోను ఎత్తి, రాయి ఆపమన్నాడు, అందరినీ కేజ్ దగ్గరికి రమ్మన్నాడు.

నేను సీటు పక్కకు తప్పుకున్నాను. “నువ్వు కూర్చో పెద్దన్నా. నాతో కాదు,” అన్నాను.

“ఊదింది నువ్వు. ఎత్తేది కూడా నువ్వే. కూర్చో.”

“చెయ్యి వణుకుతా ఉండాదన్నా.”

“వణికేది బయటుండేవాళ్ళకు కనపడతాది, తాడుకు తెలీకూడదు. కూర్చోమన్నా నిన్ను.”

కూర్చున్నాను. ఆయన నా వెనక నిలబడ్డాడు. తప్పు జరిగితే అందుకునేందుకు ఆయన చెయ్యి లివరుకు జానెడు దూరంలో ఉందని నాకు తెలుసు. కానీ ఆయన దాన్ని ముట్టుకోలేదు.

కింద నుంచి గంట మోగింది. ఒకటి, రెండు, మూడు. లివరు లాగాను. డ్రమ్ము తిరిగింది. బయట ఆడవాళ్ళకు చక్రం తిరగడం కనపడింది కాబోలు, ఒక్కసారి కేక లేచింది. ఎవరో రాయి విసిరారు, నా ఎడమ పక్క కిటికీ అద్దం భళ్ళుమని పగిలింది. ఒక ముక్క మెడ మీద పడింది. నేను డయల్ మీద నుంచి కన్ను తిప్పలేదు. అది నా గొప్ప కాదు, నా వెనక నిలబడ్డ మనిషి గొప్ప. కేజ్ పైకి చేరిందనడానికి గుర్తుగా డ్రమ్ము మీద సున్నంతో గీసిన గీత వచ్చేసరికి మెల్లిగా పట్టాను. ఎంత మెల్లిగా అంటే, ఆ రోజు కేజ్‌లో వచ్చినవాళ్ళు తర్వాత నాతో, “ఆగిందని తలుపు తీసినంక తెలిసినాదప్పా” అన్నారు.

కేజ్ తలుపు తీసిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. అప్పుడు ఒకామె ఎవరో తమిళంలో తన మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. ప్రాణం ఉన్న మనిషిని తిట్టే తిట్లు అవి. నాకు ఊపిరి వచ్చింది.

కేజ్ తర్వాత కేజ్. గుమాస్తా పీపా దిగి తన పని తాను వెతుక్కున్నాడు. కిందికి దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను టైమాఫీసు బోర్డుకు తగిలించి పోతాడు, పైకి వచ్చాక తీసుకుంటాడు. గుమాస్తా ఆ బోర్డును ఊడపీకించి బయటికి మోయించుకొచ్చి అందరికీ కనపడేట్టు నిలబెట్టాడు. వచ్చినవాడి పేరు ఎలుగెత్తి పిలిచి, బిళ్ళ తీసి చేతికిచ్చాడు. ఒక్కో బిళ్ళ తగ్గేకొద్దీ జనం వెనక్కు జరిగారు. తన మనిషి వచ్చిన ఆడది ఇంటికి పోలేదు, ఇంకా రానివాళ్ళ ఆడవాళ్ళను పట్టుకుని నిలబడింది. ఆ క్రమం ఎవరూ పెట్టింది కాదు. వాళ్ళకు అలవాటైన పని, అంతే.

ఒక దశలో బయట నవ్వులు కూడా వినపడ్డాయి. మట్టి కొట్టుకున్న మొగుడి మొహం పట్టుకుని ఒకామె నవ్వుతోందట. పక్కనున్న మగవాడు, “నిజంగానే ప్రధానమంత్రి పోయినారంటనే” అనేసరికి చెంగు నోటికి అడ్డం పెట్టుకుందట. దేశం ఏడ్చే రోజున మా షాఫ్టు దగ్గర జనం సంతోషించారు. దాన్ని గురించి నేను చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాను. ఇప్పుడు పడను.

చివరి కేజ్ కూడా వచ్చింది. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలింది. అది పంపు తోలే అతనిది. ఎవరు పైకి వచ్చినా అతను రాకూడదు. పంపు ఆపితే ఊట నీళ్ళు ఎక్కి కింది అంతస్తు మునుగుతుంది. తన బదులు ఇంకొకడు దిగేదాకా అతను అక్కడే ఉండాలి.

ఆ లోటా చేతిలో ఉన్నామె అతని భార్యే. మాలూరు పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి, ఆవును పెట్టుకుని లైన్లలో పాలు పోసేది. గుమాస్తా పంపు సంగతి చెబితే వినలేదు. ఏడవలేదు, అరవలేదు. నేరుగా నడిచి ఇంజిన్ హౌసు గుమ్మం దగ్గరికి వచ్చింది. “బయటివారు రాకూడదు” అన్న బోర్డు కింద నిలబడి, “అందరి మొగుళ్ళూ వచ్చినారు. నా మొగుడు యాడన్నా?” అంది.

ఇంజిన్ హౌసులోకి ఆడమనిషి కాలు పెడితే తాడుకు కీడని మా పాతవాళ్ళు అనేవాళ్ళు. పెద్దన్నకు ఆ పట్టింపు బాగా ఉండేది. నేను ఆయన మొహం చూడకుండానే, “లోపలికి రా తల్లీ” అన్నాను. ఆయనే గోడ ఫోను పిడి తిప్పి, పంపు దగ్గరికి పలికించి, గొట్టం ఆమె చేతికిచ్చాడు. ఆమె తలకిందులుగా పట్టుకుంటే సరిచేసి పెట్టాడు.

పంపు మోతలో అతను కేకలు వేసి మాట్లాడాలి కాబట్టి మా అందరికీ వినపడింది.

“ఎవురూ?” అన్నాడు.

“నేనే.”

“నేనే అంటే ఎవురు?”

“నీ పెండ్లాన్ని! నేనే అంటే తెలీకపోయేదానికి ఎంతమంది ఉండారు నీకు?”

అతను కంగారుగా, “నువ్వేందే ఫోన్లో? ఆవుకేమన్నా అయిందా?” అన్నాడు.

ఆమె గోడకు ఆనుకుంది. గొంతు మాత్రం మారలేదు. “ఆవు బాగుండాది. నువ్వు బాగుండావా?”

“నాకేమి రోగం? అందరినీ పైకి పిలిచినారు, ఏమి గలాటా పైన?”

ఆమె మా ఇద్దరి మొహాలూ చూసింది. “ఏమీ లేదు. హూటరు తప్పుగా ఊదేసినారంట. నీ పని చూసుకో,” అని గొట్టం పెద్దన్న చేతిలో పెట్టేసింది.

“చెప్పేదానికేమమ్మా, ప్రధానమంత్రి సంగతి?” అన్నాను నేను.

“ఒక్కడే ఉండాడు కదన్నా చీకట్లో. ఒక్కడే ఉండేవానికి చావు మాట చెప్తారా ఎవురన్నా?” అంది.

చదువుకున్న గుమాస్తాకు తోచనిది, పరీక్ష పాసైన నాకు తోచనిది ఆమెకు తోచింది. ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలో చూసుకుని చెప్పాలి, లేదా ఆగాలి. ఈ ముక్క నాకు స్విచ్చి నొక్కకముందే తెలిసి ఉంటే బాగుండేది.

తర్వాత విచారణ జరిగింది. ఉత్తర్వు లేకుండా హూటరు ఊదినందుకు ఒకటి, బయటి వ్యక్తిని ఇంజిన్ హౌసులోకి రానిచ్చినందుకు ఒకటి, నా మీద రెండు ఆరోపణలు. గుమాస్తా తానే ఊదమన్నానని రాసి ఇవ్వడానికి వచ్చాడు. స్విచ్చి నొక్కిన వేలు నాది, మీది కాదు అని పంపించేశాను. మొదటిదానికి చేతులు జోడించి క్షమాపణ రాసుకున్నాను. రెండోదానికి రాయనన్నాను. విచారించిన పెద్ద అధికారి, “ఇంకోసారి ఇలా జరిగితే ఏం చేస్తావు?” అని అడిగాడు. “హూటరు ఊదనండి. ఆమెను మాత్రం లోపలికి రానిస్తాను,” అన్నాను. ఎర్ర సిరాతో హెచ్చరిక రాశారు. మొహాన కొట్టినట్టు సమాధానం చెప్పినందుకు రాశారని పెద్దన్న తిట్టాడు. తిట్టి, సాయంత్రం టీ ఇప్పించాడు.

గనులు మూసేసి చాలా కాలమైంది. పెద్దన్నా లేడు. మీరు ఫ్యాక్టరీల్లో చేసే పనుల్లో నాకంటే తెలివైన యంత్రాలు ఉంటాయి, తప్పు నొక్కితే అవే ఆపుతాయంటారు. మంచిదే. తప్పు చేయడంలో గొప్ప ఏమీ లేదు, నాలాంటి తొందరవాడు ఎవడైనా చేస్తాడు. చేశాక సీటు దిగిపోకుండా ఉన్నాను చూడండి, నేను మీసం దువ్వుకునేది అందుకు. అది కూడా ఒకాయన కూర్చోబెడితే కూర్చున్నాను.

ఆ రోజు ఇంకా అయిపోలేదు. ఊళ్ళో అంగళ్ళు మూసేశారు, బస్సులు ఆగిపోయాయి, రెండో షిఫ్టుకు ఎవరూ రాలేదు. మమ్మల్ని విడిపించాల్సిన డ్రైవర్లూ రాలేదు. పెద్దన్న దిగమన్నా నేను దిగలేదు. కింద ఇంకా ఆ పంపు మనిషి ఉన్నాడు. అతని భార్య బావి నోటి దగ్గర అరుగు మీద కూర్చుని ఉంది, నీళ్ళిస్తే తాగింది, ఇంటికి పొమ్మంటే పోలేదు. సాయంత్రానికి బదులు పంపు అతను సైకిలు తోసుకుంటూ వచ్చాడు, టైరు పంక్చరైందట. వాణ్ణి దించాను.

అప్పటికి ఆరు. గుమాస్తా ట్రాన్సిస్టర్‌ను టైమాఫీసు కిటికీలో పెట్టాడు. మన రేడియో అప్పుడు చెప్పింది. అంతకు ముందే మొగుళ్ళను ఇళ్ళకు తీసుకుపోయిన ఆడవాళ్ళు కొందరు మళ్ళీ వచ్చి నిలబడ్డారు. అరుగు మీద కూర్చున్నామె లోటా పక్కన పెట్టి, మోకాళ్ళ మీద తల ఆనించుకుంది.

కింద నుంచి మూడు గంటలు మోగాయి. ఒక్క మనిషిని పైకి తేవడానికి అంత పెద్ద డ్రమ్మును తిప్పడం నా సర్వీసులో అదే మొదలు. నిండు కేజ్‌ను ఎలా తెస్తానో అలాగే తెచ్చి ఆపాను. అద్దం లేని కిటికీలోంచి అతను బయటికి రావడం కనపడింది. ఒళ్ళంతా తడి, కళ్ళు చిట్లించుకుని చూస్తున్నాడు. ఎదురుగా భార్య వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“ఎందుకే ఏడుస్తా ఉండావు? వచ్చేసినాను కదా,” అన్నాడు కంగారుపడి.

“నీ కోసరం కాదు లేప్పా. నీ కోసరం ఏడ్చేది మద్దేనమే అయిపోయింది. ఇది దిల్లీలో పోయిన ఆ యమ్మ కోసరం,” అంది.

ఆ యమ్మ ఎవరో అతనికి ఇంకా తెలియదు. అయినా తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను బ్రేకు వేసి సీటు దిగాను. మధ్యాహ్నం నుంచి రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. పెద్దన్న చూసి కూడా చూడనట్టు, నూనె డబ్బా తీసుకుని డ్రమ్ము అవతలి వైపుకు పోయాడు.